సిలబస్ మార్పును కమిటీలు నిజంగా చదువుతాయా, సంతకాలే పెడతాయా?

ఒక పేపరు సిలబస్ పాతబడిందని అధ్యాపకులూ విద్యార్థులూ ఒప్పుకుంటున్నా అది ఏళ్ల తరబడి ఎందుకు మారదు, విభాగాధిపతి తలుచుకుంటే సరిపోదా, కమిటీలు ప్రతిపాదనను చదువుతాయా లేక సంతకాలు పెట్టి పంపేస్తాయా అని మీరు అడిగారు. కోస్తా ఆంధ్రలోని ఒక స్వయంప్రతిపత్తి (అంటే సిలబస్ తానే రూపొందించుకునే) డిగ్రీ కళాశాలలో సంఖ్యాశాస్త్రం బోధిస్తూ, మా విభాగం సిలబస్‌ను రూపొందించే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు కొన్నేళ్లు అధ్యక్షుడిగా ఉన్న అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను. మీది అనుబంధ కళాశాల అయితే ఇందులో చాలాభాగం మీకు వర్తించదు. సిలబస్ విశ్వవిద్యాలయపు బోర్డు నుంచే వస్తుంది, కళాశాల దానిని బోధించడం వరకే.

మా దగ్గర రెండో సంవత్సరం ప్రాక్టికల్స్ అన్నీ క్యాలిక్యులేటరుతోనే జరిగేవి. కై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష కోసం విద్యార్థి రెండు గంటలు కూడికలూ భాగహారాలూ చేసి, చివరి పది నిమిషాల్లో ఫలితాన్ని ఒక్క వాక్యంలో రికార్డులో రాసి వెళ్లిపోయేవాడు. లెక్క చేయడం నేర్చుకున్నాడు గాని, ఆ లెక్క ఏం చెబుతోందో ఆలోచించే సమయం అతనికి మిగలలేదు. అందుకే సగం ప్రాక్టికల్స్‌ను ఎక్సెల్‌లోనూ, ఉచితంగా దొరికే ఆర్ సాఫ్ట్‌వేర్‌లోనూ చేయించాలని ప్రతిపాదించాను. ఒక్క సమావేశంలో తేలిపోతుందనుకున్నాను, రెండు విద్యాసంవత్సరాలు పట్టింది.

యూజీసీ నిబంధనల ప్రకారం స్వయంప్రతిపత్తి కళాశాలలో బోర్డుకు విభాగాధిపతి అధ్యక్షత వహిస్తారు. విభాగంలోని అధ్యాపకులతో పాటు, అకడమిక్ కౌన్సిల్ (అన్ని బోర్డుల ప్రతిపాదనలనూ ఆమోదించే కళాశాల పై కమిటీ) నామినేట్ చేసిన ఇద్దరు బయటి విషయ నిపుణులు, ప్రిన్సిపాల్ పంపిన ఆరుగురి జాబితా నుంచి వైస్ ఛాన్సలర్ ఎంపిక చేసిన మరో నిపుణుడు, పరిశ్రమ ప్రతినిధి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు అందులో ఉంటారు. విభాగాధిపతి ఒక్కరే మార్చలేకపోవడానికి మొదటి కారణం ఇదే. ఈ జాబితా కాగితం మీద అలంకారంగా కనిపించినా, మా విషయంలో అందరికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ పూర్వ విద్యార్థి. తొలి ముసాయిదాలో చోటు కోసం నేను వక్రరేఖల అమరికను (డేటాకు సరిపోయే గీతను కనుక్కునే పద్ధతిని) పూర్తిగా తీసేశాను. ఆ అంశం మీద పీజీ ప్రవేశ పరీక్షలో ప్రశ్నలు వస్తాయని, మన పిల్లలు అక్కడ నష్టపోతారని ఆమె గుర్తుచేసింది. దాంతో దానిని తీసేయకుండా క్లుప్తం చేసి మరో యూనిట్‌లో చేర్చాం.

బయటి నిపుణుల్లో ఒకరు నా పది పేజీల ప్రతిపాదన విని అడిగింది ఒకే ప్రశ్న: "ఏం తీసేస్తున్నారు?" నాలుగు క్రెడిట్ల థియరీ పేపరంటే వారానికి నాలుగు గంటల చొప్పున పదిహేను వారాలకు 60 గంటలు, ప్రాక్టికల్స్‌లో ఒక్క క్రెడిట్‌కే వారానికి రెండు గంటలు కావాలి. టైంటేబుల్ సాగదు. కొత్తది చేర్చడానికి ఏ సభ్యుడూ అడ్డు చెప్పడు, పాతది తీసేయాలంటే మాత్రం ఎవరో ఒకరు దానిని ఇరవై ఏళ్లుగా బోధిస్తూ ఉంటారు.

ఇక్కడే మినిట్స్‌లో ఎక్కడా కనిపించని అసలు విషయం ఒకటుంది, అది వర్క్‌లోడ్, అంటే ఏ విభాగానికి ఎన్ని బోధన గంటలు దక్కుతాయన్నది. ప్రాక్టికల్స్ కంప్యూటర్ ల్యాబ్‌కు మారితే ఆ గంటలు తమ విభాగానివని కంప్యూటర్ సైన్స్ వారు అన్నారు. అవి వారికి పోతే మా విభాగంలో పనిచేస్తున్న అతిథి అధ్యాపకుడికి గంటలు తగ్గుతాయి. గంటల లెక్కన వేతనం తీసుకునే మనిషికి అది బతుకుతెరువు ప్రశ్న. ఆయన సమావేశంలో నోరు విప్పి వ్యతిరేకించలేదు, "ఇంకా ఆలోచిద్దాం సార్" అని మాత్రం రెండుసార్లు అన్నారు. ఆ మాటకు అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చివరకు ల్యాబ్ వారిది, బోధన మాది అని ప్రిన్సిపాల్ సమక్షంలో రాసుకున్నాకే ఆ పీటముడి వీడింది. పాఠ్యప్రణాళిక చర్చల్లో సిద్ధాంతాల పేరుతో జరిగే వాదనల్లో సగం నిజానికి గంటల గురించే అని నా అభిప్రాయం.

బోర్డు ఆమోదించినది అకడమిక్ కౌన్సిల్‌కు వెళుతుంది. ఒకే రోజు అన్ని విభాగాల ప్రతిపాదనలూ చూసే ఆ కౌన్సిల్ మన యూనిట్లను పంక్తి పంక్తీ చదువుతుందని ఆశించకండి. అది చూసేది క్రెడిట్లు సరిపోయాయా, ఖర్చు ఎంత, పరీక్షల విభాగానికి చిక్కులు వస్తాయా అన్నదే. ప్రతిపాదనతో ఏకీభవించకపోతే కారణాలు తెలిపి తిరస్కరించే, లేదా పునఃపరిశీలనకు బోర్డుకు తిప్పి పంపే హక్కు దానికి ఉంది. మాది తిరిగొచ్చింది. మాదిరి ప్రశ్నపత్రం జతచేయలేదు, పాత సిలబస్‌లో తప్పిన విద్యార్థుల సంగతేమిటో రాయలేదు అన్నవి వారు చెప్పిన కారణాలు. అప్పుడు నాకు కోపం వచ్చింది. అంతకుముందు సంవత్సరమే వేరొక విభాగంలో, పాత బ్యాచ్ సప్లిమెంటరీ విద్యార్థులకు కొత్త సిలబస్ ప్రశ్నపత్రం చేతికిచ్చి, పరీక్ష మళ్లీ పెట్టాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది. కొత్త సిలబస్ ఆ ఏడు చేరే బ్యాచ్‌కే వర్తిస్తుంది గాని, పాతవారు బ్యాక్‌లాగులు పూర్తిచేసే దాకా రెండు సిలబస్‌లూ పక్కపక్కనే నడుస్తాయి. ఏ పాత పేపరుకు ఏ కొత్త పేపరు సమానమో చూపే పట్టిక లేకపోతే బలయ్యేది తప్పిన విద్యార్థే. కౌన్సిల్ అడిగింది న్యాయమే.

ఇక సంతకాల సంగతి. ఉదయం పదకొండుకు మొదలై భోజనం వేళకు ముగిసిన సమావేశాలు నేనూ చూశాను. ముసాయిదాను అప్పుడే చేతికిస్తే ఎంత గొప్ప నిపుణుడైనా సంతకం తప్ప ఏం చేయగలడు? కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ పరిశీలనలో సిలబస్ సవరణల వివరాలు చూపాలి కాబట్టి, యూనిట్ల వరుస అటూ ఇటూ చేసి దానినే సవరణగా రాసుకున్నవారూ ఉన్నారు. రెండోసారి నేను పాత సిలబస్ ఒక వరుసలో, కొత్తది పక్క వరుసలో, కారణం మూడో వరుసలో పెట్టి మూడు వారాల ముందే పంపాను. ఇద్దరు నిపుణులు పెన్సిలుతో దిద్దిన కాపీలతో వచ్చారు, చర్చ నలభై నిమిషాల్లో ముగిసింది.

పైనుంచి వచ్చే మార్పులను కూడా లెక్కలో పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో 2015-16లో సీబీసీఎస్ (ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం) వచ్చినప్పుడూ, 2023-24లో మూడు ప్రధాన సబ్జెక్టుల స్థానంలో సింగిల్ మేజర్ వచ్చినప్పుడూ పేపర్ల చట్రమే మారిపోయింది. చట్రం మారాక బోర్డులు మళ్లీ మొదటికి రావలసిందే. కాబట్టి మీరు ముందుగా తెలుసుకోవలసింది మీ అకడమిక్ కౌన్సిల్ ఏ నెలలో సమావేశమవుతుందన్నది. ప్రవేశాలకు ముందు జరిగే ఆ సమావేశం దాటిపోతే, మరో బ్యాచ్ పాత సిలబస్‌తోనే మూడేళ్లూ చదువుతుంది.