వెనక స్పీకర్లు మోగకపోతే ముందు టీవీ సెట్టింగ్ చూడండి

కొత్తగా బిగించిన 5.1 సెట్‌లో (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ ఉండే హోమ్ థియేటర్) వెనక స్పీకర్లు మోగడం లేదని, మాటలు కూడా సరిగ్గా వినపడటం లేదని రాశారు. స్పీకర్లు పాడయ్యాయేమోనని టెన్షన్ పడకండి. ముందు రిసీవర్‌లో, అంటే స్పీకర్లన్నీ కలిపే పెట్టెలో, టెస్ట్ టోన్ పెట్టండి. అది ఒక్కో స్పీకర్‌నూ విడిగా మోగించి చూపిస్తుంది. అన్నింట్లోంచీ శబ్దం వస్తే వైరింగ్ బాగున్నట్టే. చిక్కంతా టీవీ నుంచి వచ్చే సిగ్నల్‌దే.

టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ పీసీఎం (టీవీయే ఆడియోను విప్పి పంపే పద్ధతి) మీద ఉందేమో చూడండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మామూలు ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిసీవర్‌కు పంపే) కనెక్షన్‌లో పీసీఎం పెడితే రెండు ఛానళ్లే వెళ్తాయి. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కో (ఆడియోను విప్పకుండా రిసీవర్‌కే పంపే పద్ధతి), ఆటోకో మార్చండి. హెచ్‌డీఎంఐ కేబుల్ రెండు వైపులా ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే ఉండాలి. అన్నట్టు, చూసే వీడియోలో కూడా 5.1 ఆడియో ఉండాలి సుమా! స్టీరియో అయితే రిసీవర్‌లో సరౌండ్ మోడ్ వేసుకోవాలి.

ఇక మాటల సంగతి. సినిమాలో సంభాషణలు ఎక్కువగా సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి. దాన్ని అరలో లోపలికి తోసేయకుండా అంచుదాకా లాగి, ముఖం మీ చెవుల వైపు తిప్పండి. అయినా చాలకపోతే దాని లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి, హాయిగా ఉంటుంది.

వెనక స్పీకర్లను సరిగ్గా వీపు వెనక పెట్టొద్దు. టీవీకి ఎదురుగా కూర్చున్నప్పుడు రెండు పక్కలా కాస్త వెనగ్గా, ఎదురుగా ఉన్న టీవీ నుంచి కొలిస్తే సుమారు 110 డిగ్రీల కోణంలో, చెవుల కంటే కొంచెం ఎత్తులో పెట్టండి. చిన్న స్పీకర్లయితే క్రాస్‌ఓవర్ (ఇంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలను సబ్‌వూఫర్‌కు పంపే హద్దు) 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. స్పీకర్లు కదిపాక మైక్‌తో కాలిబ్రేషన్ (స్పీకర్ల లెవెల్, దూరం రిసీవర్ సరిచేసుకోవడం) మళ్లీ చేయండి.