తూటా పేలలేదని నెయిల్ గన్ వెంటనే వెనక్కి తీయొద్దు

ప్రశ్న: నేను ఫాల్స్ సీలింగ్ పని చేస్తాను. ఈమధ్యే తూటాతో పనిచేసే నెయిల్ గన్ చేతికిచ్చారు. మొన్న స్లాబుకు ఛానల్ బిగిస్తుంటే ట్రిగ్గర్ నొక్కినా పేలలేదు. ఏమైందోనని కిందికి దించి గొట్టంలోకి చూడబోతే మేస్త్రీ అరిచి నా చెయ్యి పట్టుకున్నాడు. పేలని తూటాకి అంత భయమెందుకండీ?

జవాబు: మీ మేస్త్రీకి దండం పెట్టండి, ఆ రోజు మీ కన్ను కాపాడాడు, ప్రాణం కూడా కావచ్చు. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిన్ను తూటాను కొడుతుంది, మందు అంటుకుంటుంది, ఆ పీడనానికి పిస్టన్ దూసుకొచ్చి మేకును కాంక్రీట్‌లోకి దింపుతుంది. ఒక్కోసారి మందు వెంటనే అంటుకోకుండా కాస్త ఆగి పేలుతుంది, ఆ పేలే క్షణానికి గొట్టం ఎటు తిరిగి ఉంటే దెబ్బ అటే. అందుకే పేలకపోతే గన్‌ను అలాగే గట్టిగా అదిమిపట్టి కనీసం 30 సెకన్లు ఉండాలి. మళ్లీ నొక్కి చూడండి, అప్పుడూ పేలకపోతే ఇంకో 30 సెకన్లు ఆగి, ఆ గన్ మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనే తూటా బయటికి తీసి నీళ్లలో వేయండి. ఇరుక్కుంటే స్క్రూడ్రైవర్‌తో మాత్రం పొడవొద్దు!

తూటాల శక్తి వాటి రంగును బట్టి తెలుస్తుంది. మామూలుగా బూడిద రంగుది అన్నిటికన్నా బలహీనం, తర్వాత గోధుమ, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. పని త్వరగా అవుతుందని నేరుగా ఎర్రది పెట్టేవాళ్లుంటారు, అది చాలా తప్పు. మీ గన్‌కు సరిపడేవాటిలో తక్కువ శక్తిదానితో మొదలుపెట్టి, మేకు పూర్తిగా దిగకపోతేనే పైదానికి వెళ్లాలి.

కొత్త చోట పని మొదలుపెట్టేముందు మేకు మొన ఆనించి సుత్తితో ఒక దెబ్బ కొట్టి చూడండి, కళ్లద్దాలు పెట్టుకునే. మేకు మొన మొద్దుబారితే ఆ స్లాబు లేదా గోడ మరీ గట్టిది, అది పగుళ్లిస్తే పెళుసుది, మేకు సులువుగా దిగిపోతే మరీ మెత్తనిది, ఈ మూడింట్లోనూ గన్ వాడకూడదు. చిన్న గుంట చక్కగా పడితేనే వాడండి. కాంక్రీట్ అంచుకు 75 మిల్లీమీటర్ల లోపు కొట్టొద్దు, పెచ్చు ఊడుతుంది. గోడ అయితే అవతల మనుషులెవరూ లేరని చూసుకోవాలి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ ఎలాగూ తప్పవు.

ఇంతకీ ఆ పేలని తూటాను ఏం చేశారో రాయలేదు. చెత్తలో పడేసి ఉంటే ఈ రోజే వెతికి నీళ్లలో వేయండి.