డోలనాల మీద పీహెచ్‌డీకి చేరుతున్న అమ్మలుకి

అమ్మలూ,

సెకండ్ ఆర్డర్ నాన్‌లీనియర్ డిఫరెన్షియల్ సమీకరణాల డోలనాల మీద, అంటే వాటి సాధన (సమీకరణాన్ని తీర్చే ఫంక్షన్) అంతులేకుండా మళ్ళీ మళ్ళీ సున్నాని దాటడం మీద, పీహెచ్‌డీ చేస్తావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో ఇంకొకరు ఇటు వస్తారని అనుకోలేదు. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

సాధనల సున్నాల్ని పోల్చడం గురించి స్టర్మ్ 1836లో చెప్పింది నోటికి వచ్చేలా చదువు. లీనియర్ సమీకరణం డోలనం చేస్తుందో లేదో తేల్చే క్నేసర్ గారి హద్దులో పావు (1/4) ఎక్కడిదో చేత్తో చేసి చూడు. సాధన అనంతం దాకా కొనసాగుతుందో లేదో ముందే తేల్చుకో. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరే. లీనియర్‌లో, అంటే వైకి వర్గం, ఘనం లాంటివి లేని సమీకరణంలో, ఒక సాధన డోలనం చేస్తే అన్నీ చేస్తాయి. ఆ అలవాటుతోనే నాతో చదివిన ఒకడు నాన్‌లీనియర్‌లోకి దిగాడు. కంప్యూటర్‌లో ఒక్క సాధనకి గ్రాఫ్ గీశాడు, గీత మళ్ళీ సున్నాని తాకలేదు, సమీకరణమే డోలనం చేయదని రాసేశాడు. పరీక్షకుడు ఒక్క ప్రశ్న వేశాడు, రెండేళ్ళ పని పోయింది.

నువ్వు ఇది చేసి చూడు. వై రెండో డెరివేటివ్‌కి, వై ఘనాన్ని నాలుగు టీ ఘనంతో భాగించి కలుపు, మొత్తం సున్నా. టీ వర్గమూలం దీనికి సాధన, అదెప్పుడూ సున్నా కాదు. ఇప్పుడు టీ 1 దగ్గర సున్నా నుంచి 0.1 వాలుతో బయల్దేరు. మళ్ళీ సున్నాకి వచ్చేది టీ 5 లక్షలు దాటాకే! ఆ తర్వాతది మళ్ళీ అన్ని రెట్లు అవతల. అయినా డోలనమే, ఎప్పటికీ ఆగదు. ఏ గ్రాఫ్‌లో చూస్తావే దాన్ని? వైని టీ వర్గమూలంతో భాగించి, టీకి బదులు లాగ్ టీ తీసుకో. ఘనం ముందున్న గుణకంలోంచి టీ పోతుంది, ఎనర్జీ (సాధన వెంట మారని విలువ) రాసుకోవచ్చు. అది పాజిటివ్ అయితే డోలనం, నెగటివ్ అయితే లేదు.

అట్కిన్సన్ 1955 సిద్ధాంతం ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. వై ఘనం ముందున్న గుణకాన్ని టీతో గుణించి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేస్తే అనంతం రావాలి, అప్పుడే సాధనలన్నీ డోలనం చేస్తాయి. మన ఉదాహరణలో రాదు. అంటే డోలనం చేయనిది ఒకటైనా ఉందని, అంతే. ఏదీ చేయదని కాదు. ఈ తేడా దగ్గరే మావాడు పడ్డాడు.

మొదటి డ్రాఫ్ట్ నాకు పంపు. 'అన్నీ' అన్న ప్రతిచోటా ఎర్ర పెన్ను పెడతాను, అలగకూడదు. రాత్రిళ్ళు మేలుకుని కళ్ళు పాడుచేసుకోకు, మీ నాన్న నన్నే తిడతాడు.

పెదనాన్న