మనిషి మనసును అంతరిక్ష నౌకలోని రోబో శరీరంలోకి ఎక్కించడం నిజంగా సాధ్యమేనా?

ఇప్పటి విజ్ఞానంతో సాధ్యం కాదు. కథకులు ఈ ఊహను పట్టుకోవడానికి బలమైన కారణమే ఉంది: సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీకి వాయేజర్-1 వ్యోమనౌక వేగంతో వెళ్లినా 70 వేల ఏళ్లకు పైనే పడుతుంది. తిండీ గాలీ అక్కర్లేని శరీరం ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది.

చిక్కంతా మెదడు దగ్గరే. మనసు అందులో విడిగా దాచిన ఫైలు కాదు. దాదాపు 8,600 కోట్ల నాడీకణాల మధ్య అనుసంధానాల్లో, వాటి బలాబలాల్లో, క్షణక్షణం మారే రసాయనాల్లో అల్లుకుని ఉంటుంది. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగునే తీసుకోండి. దానికి ఉన్నవి 302 నాడీకణాలే; వాటి అనుసంధాన పటం 1986లోనే వెలువడింది. అయినా ఆ పురుగు ప్రవర్తనను కంప్యూటర్‌లో పూర్తిగా పునఃసృష్టించడం ఇంకా కుదరలేదు, ఎందుకంటే ఏ కణానికి ఏది తగులుతుందో పటం చూపుతుంది గానీ, ఏ సంకేతం ఎంత బలంగా వెళుతుందో చెప్పదు.

ఎక్కించగానే మనిషి రోబోలోకి వెళ్లిపోతాడని చాలామంది పొరబడతారు. సమాచారాన్ని పంపడమంటే నకలు తీయడమే. రోబో అతని జ్ఞాపకాలతో నౌకలో కళ్లు తెరిచినా, అసలు మనిషి భూమ్మీదే ఉంటాడు, ముసలివాడవుతాడు.