క్రిప్టోకరెన్సీ అంటే ఏంటో ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలి?

"క్రిప్టో గురించి అస్సలు తెలియని అమ్మానాన్నలకి, ఫ్రెండ్స్‌కి ఎలా చెప్తే అర్థమవుతుంది, మీలో ఎవరైనా చెప్పి చూశారా?" అని అడిగారు. చూశాను. మొదటిసారి ఘోరంగా చెప్పాను.

2021 సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు పేపర్లో బిట్‌కాయిన్ (మొట్టమొదటి క్రిప్టోకరెన్సీ) ధర చూసి నాన్న "ఏంట్రా ఇది?" అన్నారు. నేను వికేంద్రీకరణతో మొదలుపెట్టి, క్రిప్టోగ్రఫీ మీదుగా మైనింగ్ దాకా వెళ్లాను. ఆయన మర్యాదగా తలూపి టీవీ సౌండ్ పెంచారు.

మరుసటిరోజు అమ్మకి ఇంకోలా చెప్పాను. అమ్మ ఇరవై ఏళ్లుగా చీటీలు కడుతోంది. "చీటీ లెక్క ఎవరి దగ్గరుంటుంది?" అన్నాను. "నడిపే ఆవిడ పుస్తకంలో." "ఆవిడ దాన్ని దిద్దేస్తే?" అమ్మ మాట్లాడలేదు. మా వీధిలో చీటీలు నడిపిన ఒకావిడ రాత్రికి రాత్రే ఇల్లు ఖాళీ చేసిన సంగతి మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

"ఇప్పుడు చీటీలో ఉన్న ఇరవైమంది దగ్గరా అదే పుస్తకం ఉందనుకో. ఎవరు ఎంత కట్టినా అందరి పుస్తకాల్లోనూ ఎక్కుతుంది. ఒకరు తమ పుస్తకం దిద్దుకున్నా మిగతా పంతొమ్మిదీ ఒప్పుకోవు. నడిపే ఆవిడే అక్కర్లేదు." క్రిప్టో వెనకున్న బ్లాక్‌చెయిన్ అంటే ఇంతే. బిట్‌కాయిన్ పుస్తకానికి సుమారు 10 నిమిషాలకో పేజీ చేరుతుంది. ఆ పేజీ రాసే అవకాశం కోసం ప్రపంచమంతా కంప్యూటర్లు పోటీపడతాయి, గెలిచినవాళ్లకి కొత్త కాయిన్లు వస్తాయి. (2024 ఏప్రిల్ నుంచి పేజీకి 3.125. ఎంతకాలం రాసినా మొత్తం 2.1 కోట్లు దాటవు.) "అంటే పాట పాడుకోవడమేగా" అంది అమ్మ. సరిగ్గా అదే కాదుగానీ, కరెంటు బిల్లే వాళ్ల పాట అనుకోవచ్చు.

టీవీ ముందు నుంచే నాన్న అడిగారు: "మరి డబ్బు పోతే ఎవర్నడగాలి?"

ఇంతకంటే మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఎవర్నీ అడగలేం. బ్యాంకులో తప్పు అకౌంటుకి పంపితే కనీసం మేనేజర్ దగ్గరికెళ్లి గొడవపడొచ్చు. ఇక్కడ తప్పు అడ్రస్‌కి (అకౌంటు నంబర్ లాంటిది) పంపితే వెనక్కి తెప్పించే కుర్చీలో ఎవరూ లేరు.

ఇది మాటలతో ఎక్కదు, చేసి చూపించాలి. నాన్న ఫోన్లో ఒక వాలెట్ యాప్ (క్రిప్టో పంపడానికి, అందుకోవడానికి వాడేది) పెట్టాను. అది ఇచ్చిన పన్నెండు ఇంగ్లిష్ మాటల్ని ఆయనే ఒక కాగితం మీద రాశారు. నా వాలెట్ నుంచి 500 రూపాయల బిట్‌కాయిన్ పంపాను (పైన ఫీజు కూడా కొంత వదిలింది). అది చేరాక "ఇప్పుడు యాప్ తీసేయండి" అన్నాను. "డబ్బులో?" అని కంగారుపడుతూనే తీసేశారు. మళ్లీ యాప్ వేసి, కాగితం చూసి పన్నెండు మాటలూ వరసగా కొడితే 500 తిరిగొచ్చి కూర్చుంది. నాన్న ఫోన్ పక్కన పెట్టి కాగితం వైపు చూశారు. "అయితే డబ్బు ఫోన్లో లేదన్నమాట." ఆ మాటలు ఎవరికి దొరికితే డబ్బు వాళ్లదే, పోగొట్టుకుంటే మనది కూడా కాదు అని చెప్పేలోపే అమ్మ ఆ కాగితం తీసుకెళ్లి మెంతుల డబ్బా కింద పెట్టేసింది.

ఆ పాఠం మా బాబాయికి ముందే చెప్పి ఉండాల్సింది. ఫోన్లో ఏదో గ్రూపులో చేరి, వాళ్లిచ్చిన యాప్‌లో 60 వేలు పెట్టాడు. స్క్రీన్ మీద లక్షా నలభై వేలు కనిపిస్తోంది. తీసుకోబోతే "ముందు పన్ను కట్టండి" అన్నారట, అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, అందులోంచి వంద రూపాయలది నా వాలెట్‌కి పంపు చూద్దాం" అన్నాను. అసలు పంపే బటనే లేదు. అంటే కాయినూ లేదు, ఉన్నది అంకెలు మాత్రమే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించాను, డబ్బు మాత్రం రాలేదు. ఇప్పుడు ఎవరికి క్రిప్టో గురించి చెప్పినా ఈ కథతోనే మొదలుపెడతాను.

ఫ్రెండ్స్‌తో ఇబ్బంది వేరు. వాళ్లకి అదేంటో అక్కర్లేదు, "ఏది కొనమంటావ్ మామా?" అంటారు. దానికి నేను జవాబివ్వను. లీగలేనా అంటే చెప్తాను: క్రిప్టో లావాదేవీలకి సేవలివ్వొద్దని 2018లో ఆర్బీఐ బ్యాంకులకి పెట్టిన ఆంక్షని 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, కొనొచ్చు, కానీ అది మన దేశంలో చెల్లుబాటు కరెన్సీ కాదు. ఆర్బీఐ తెచ్చిన ఈ-రూపాయి (మన రూపాయికే డిజిటల్ రూపం) వేరు, రెండూ కలపొద్దు. కొనేవాళ్లని, ఆ ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొని అమ్మే చోటు) ఎఫ్‌ఐయూలో, అంటే అక్రమ డబ్బు లావాదేవీల మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ విభాగంలో, నమోదైందేనా చూసుకోమంటాను.

పన్ను సంగతి విన్నాక సగంమంది చల్లబడతారు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, దానిమీద సెస్సు 4 శాతం. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదాంట్లో లక్ష నష్టం వచ్చిందనుకోండి, మీ చేతికొచ్చింది సున్నా, కానీ ఆ నష్టాన్ని లాభంలోంచి తీసెయ్యనివ్వరు కాబట్టి కట్టాల్సింది 31,200. ఇది విన్నప్పుడు నాన్న నమ్మలేదు. పాల లెక్క రాసే కాగితం వెనక తనే వేసుకుని, రెండుసార్లు సరిచూసుకుని, "ఆ 500 అలాగే ఉండనీరా" అన్నారు.