మోటర్‌హోమ్‌కి జెల్ బ్యాటరీయా, లిథియమా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాం. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక జర్మన్ మోటర్‌హోమ్ కొన్నాం. 2017 మోడల్, ఫియట్ డుకాటో వ్యాన్ మీద కట్టింది. లోపల లైట్లకీ హీటర్‌కీ కరెంటు ఇచ్చే 80 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) జెల్ బ్యాటరీలు రెండూ అయిపోయినట్టున్నాయి, రాత్రి హీటర్ ఫ్యాన్ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి లైట్లు కూడా వెలగట్లేదు. పైన 120 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. ఒక మెకానిక్ మళ్లీ జెల్లే వేయించుకోమంటున్నాడు, ఇంకొకాయన "పాతవి తీసి లిథియం పెట్టేయండి, ఇంకేం మార్చక్కర్లేదు" అంటున్నాడు. వేసవి సెలవుల్లో పిల్లలతో స్కాట్లాండ్ చుట్టి రావాలని ప్లాన్, కరెంటు కనెక్షన్ లేని చోట్ల కూడా ఆగుతాం. మా ఆవిడకి మిక్సీ తప్పనిసరి, కుదిరితే రైస్ కుక్కర్ కూడా. మా అమ్మకేమో సికింద్రాబాద్ అగ్నిప్రమాదం చూసినప్పటి నుంచి లిథియం అంటేనే భయం. చలికాలమంతా బండి ఇంటి ముందే ఉంటుంది. ఏది కొనమంటారు?

జవాబు: లిథియం కొనండి, 100 ఏహెచ్‌ది ఒకటి చాలు. కానీ "ఇంకేం మార్చక్కర్లేదు" అన్న మాట మాత్రం నమ్మకండి, దాని సంగతి కింద చెబుతాను.

జెల్ కూడా సీసం బ్యాటరీయే. యాసిడ్‌లో సిలికా కలిపి గట్టిపడేలా చేస్తారు కాబట్టి ఒలకదు, నీళ్లు పోసే పని లేదు, అంతే తేడా. సీసం బ్యాటరీని సగానికి మించి వాడుతూ పోతే త్వరగా పాడవుతుంది, అంటే మీ రెండు బ్యాటరీల 160 ఏహెచ్‌లో నిజంగా వాడుకోగలిగింది 80. 100 ఏహెచ్ లిథియంలో 80 నుంచి 90 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. బరువు చూడండి: 80 ఏహెచ్ జెల్ ఒక్కోటి 25 కిలోల పైమాటే, 100 ఏహెచ్ లిథియం 12 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దాదాపు 40 కిలోలు మిగులుతాయి. 40 కిలోలు ఒక లెక్కా అనుకోకండి. బ్రిటన్‌లో 1997 జనవరి 1 తర్వాత కారు టెస్ట్ పాసైన వాళ్లకి మీలాంటి డీజిల్ బండి 3,500 కిలోల వరకే నడిపే వీలుంది, మనవాళ్లలో చాలామంది ఆ లెక్కలోకే వస్తారు. నీళ్ల ట్యాంకు నింపి, నలుగురు ఎక్కి, బియ్యం, పప్పులు, పిల్లల సైకిళ్లు వేసుకుంటే ఆ పరిమితి ఎంత త్వరగా దాటిపోతుందో తూకం వేయిస్తే గానీ తెలియదు, బయలుదేరే ముందు ఒకసారి వేయించండి.

అయితే నేను లిథియం అనడానికి అసలు కారణం బరువు కాదు, చార్జింగ్. జెల్‌కి నెమ్మదిగా, పూర్తిగా చార్జ్ అవ్వాలి. ఎనభై శాతం దాకా బాగానే ఎక్కుతుంది, ఆ చివరి ఇరవై శాతానికి గంటలు గంటలు పడుతుంది, అది నిండకుండా మళ్లీ వాడి మళ్లీ సగం నింపి, ఇలా వారం పది రోజులు తిప్పితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి కెపాసిటీ పడిపోతుంది. మీ పాతవి ఇలాగే పోయి ఉంటాయి. స్కాట్లాండ్ ట్రిప్ సరిగ్గా ఇలాంటిదే. ఇన్వర్‌నెస్ దగ్గర మొదలయ్యే నార్త్ కోస్ట్ 500 మొత్తం 516 మైళ్లు, పిల్లలున్నప్పుడు ఎవరూ ఏకబిగిన నడపరు, రోజుకి రెండు గంటలు నడిపి ఎక్కడో సముద్రం పక్కన ఆగిపోతారు. ఆ రెండు గంటల్లో జెల్ నిండదు. లిథియంకి నిండకపోయినా నష్టం లేదు, సగంలో ఉన్నా హాయిగా ఉంటుంది, పైగా 30 ఆంపియర్లు ఇస్తే అంతా తీసుకుంటుంది, రెండు గంటలకి 60 ఏహెచ్. జూన్‌లో ఎండ కాస్తే మీ ప్యానెల్ రోజుకి ఇంకో 30 ఏహెచ్ దాకా ఇస్తుంది, వాన పట్టిన రోజు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాన్, ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ కలిపి రోజుకి 30 నుంచి 35 ఏహెచ్ అవుతాయి, కాబట్టి లెక్క సరిపోతుంది. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచేదైతేనే ఈ లెక్క. కంప్రెసర్ ఫ్రిజ్ అయితే రోజుకి ఇంకో 30, 40 వేసుకోండి.

మిక్సీ సంగతికొద్దాం. 750 వాట్ల మిక్సీ ఇన్వర్టర్ మీద తిరుగుతుంటే బ్యాటరీ నుంచి దాదాపు 70 ఆంపియర్లు లాగుతుంది, స్విచ్ వేసిన క్షణంలో అంతకు ఎన్నో రెట్లు. పాతబడ్డ జెల్ మీద ఇది చూడాలి: పల్లీలు వేసి తిప్పగానే వోల్టేజి 11 దగ్గరికి జారిపోతుంది, ఇన్వర్టర్ కూయ్‌మని అరిచి ఆగిపోతుంది, పల్లీలు సగం సగం నలిగి అలాగే ఉంటాయి. లిథియంలో వోల్టేజి అంతగా పడదు. మూడు నిమిషాలు చట్నీ తిప్పితే అయ్యేది మూడు నాలుగు ఏహెచ్, అది ఒక ఖర్చే కాదు. 1500 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులాంటిదే ఇచ్చే) ఇన్వర్టర్ తీసుకోండి, మొదటి కుదుపు తట్టుకోవడానికి. వైరు లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. రైస్ కుక్కర్ మాత్రం వద్దంటాను. 500 వాట్లది ఒకసారి అన్నం వండితే 20 ఏహెచ్ దాకా పోతుంది, బండిలో గ్యాస్ స్టవ్ పెట్టుకుని అన్నానికి బ్యాటరీ తినిపించడం ఎందుకండీ, చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి. ఇండక్షన్ స్టవ్ ఆలోచన అసలే వద్దు.

ఇప్పుడు ఆ "ఇంకేం మార్చక్కర్లేదు" సంగతి. ఇంజిన్ తిరుగుతుంటే ఆల్టర్నేటర్ నుంచి వెనక బ్యాటరీకి కరెంటు వెళ్లేది స్విచ్ లాంటి మామూలు రిలే గుండా. జెల్ తనకి కావలసినంతే తీసుకునేది, లిథియం అలా కాదు, ఎంత ఇస్తే అంత గుంజుతుంది. ట్రాఫిక్‌లో బండి ఐడిల్‌లో ఉండగా అలా గుంజితే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. పైగా యూరో 6 (యూరప్ కాలుష్య ప్రమాణం) బళ్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది, డీజిల్ ఆదా కోసం అది మధ్యమధ్యలో వోల్టేజి తగ్గించేస్తుంది, అప్పుడు వెనక బ్యాటరీకి ఏమీ ఎక్కదు. రెండింటికీ మందు ఒకటే, 30 ఆంపియర్ల బీటూబీ (బ్యాటరీ టు బ్యాటరీ) చార్జర్, అంటే ఇంజిన్ వైపు నుంచి వెనక బ్యాటరీకి వెళ్లే కరెంటుని హద్దులో, సరైన వోల్టేజిలో ఉంచే పెట్టె. దాని ఖర్చు కూడా కలుపుకునే బడ్జెట్ వేసుకోండి. డబ్బు సరిపోకపోతే ఇన్వర్టర్ వాయిదా వేయండి గానీ బీటూబీ మానకండి. ఇంట్లో ప్లగ్‌కి పెట్టే పాత చార్జర్ జెల్ సెట్టింగ్‌లో 14.2 నుంచి 14.4 వోల్టుల మధ్య ఇస్తుంటే లిథియంకి దాదాపు అదే సరిపోతుంది, మార్చే పని లేదు. 15 వోల్టులు దాటే రికండిషనింగ్ లాంటి మోడ్ ఏదైనా ఉంటే ఆపేయించండి. కొత్త లిథియంని పాత జెల్‌తో కలిపి ప్యారలల్‌లో మాత్రం పెట్టకండి.

మీ అమ్మగారి భయం కొట్టిపారేయదగ్గది కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంటలు లేస్తే పైన లాడ్జిలో ఉన్నవాళ్లు ఎనిమిది మంది చనిపోయారు, అది చూసినవాళ్లు భయపడకుండా ఎలా ఉంటారు? ఆవిడకి చెప్పాల్సింది ఏమిటంటే లిథియం బ్యాటరీలన్నీ ఒకే రకం కావు. మోటర్‌హోమ్‌లకి అమ్మేవి దాదాపు అన్నీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఎనఫ్ బృందం ప్రకటించిన పదార్థం ఇది, ఆ పత్రంలో మొదటి పేరు మన భారతీయుడు అక్షయ పాఢీది. ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫేట్‌తో గట్టిగా కట్టుబడి ఉంటుంది, ఫోన్లలో వాడే కోబాల్ట్ రకంలా వేడికి తేలిగ్గా బయటికి వచ్చి మంటని ఎగదోయదు. అస్సలు కాలదు అని నేను చెప్పను, చెప్పకూడదు కూడా. వదులుగా ఉన్న టెర్మినల్, ఫ్యూజు లేని వైరు ఏ బ్యాటరీతోనైనా ప్రమాదమే, జెల్‌తో కూడా. అందుకే బిగింపు తెలిసినవాళ్లతో చేయించండి, నట్లు టార్క్ రెంచ్‌తో బిగించమనండి, అమ్మగారిని దగ్గరుండి చూడనివ్వండి.

చలికాలం ఒక్కటే లిథియం బలహీనత. సున్నా డిగ్రీల కింద వాడుకోవచ్చు గానీ చార్జ్ చేయకూడదు, సెల్స్ లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటాయి. మీ బండి పైన ప్యానెల్ ఉంది, జనవరిలో ఓ తెల్లవారుజామున మంచు కురిసి ఎండ వచ్చిందంటే చార్జింగ్ తనంతట తనే మొదలవుతుంది. కాబట్టి కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, బీఎంఎస్‌లో (బ్యాటరీ లోపలే ఉండి దాన్ని కాపాడే సర్క్యూట్) చలికి చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉందా అని. చవకవాటిలో కొన్నింట్లో ఉండదు. రెండోది, బీఎంఎస్ ఆగకుండా 100 ఆంపియర్లు ఇవ్వగలదా అని. బ్యాటరీని సీటు కింద లోపలే పెట్టించండి. బండి పక్కన పెట్టేటప్పుడు సగం, అరవై శాతం మధ్య ఉంచి, సోలార్‌తో సహా అన్నీ విడదీసేయండి. ఒక షంట్ మానిటర్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని లెక్కపెట్టే మీటరు) కూడా పెట్టించుకోండి, లిథియం వోల్టేజి చివరిదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి వోల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం.

ఇదే ప్రశ్న, రోజూ క్యాంప్‌సైట్‌లో కరెంటు ప్లగ్ పెట్టుకునే వాళ్లెవరైనా అడిగి ఉంటే జెల్లే కొనమనేవాణ్ణి. వాళ్ల బ్యాటరీ రాత్రంతా నిండుతూనే ఉంటుంది, దాని ఆయుష్షు తగ్గే పరిస్థితే రాదు, బీటూబీ ఖర్చూ మిగులుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో టెంపో ట్రావెలర్‌ని క్యాంపర్‌గా మార్పిస్తున్నాం. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఖాళీగా ఉంది, అదే పెట్టేస్తే?

జవాబు: వద్దు. అందులో ఉన్నది ద్రవ యాసిడ్, ఘాట్‌రోడ్డు మలుపుల్లో ఒలుకుతుంది. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మీరు పడుకునేది అదే పెట్టెలో. బరువు 50 కిలోల పైనే. ఇక్కడ మీ సమస్య చలి కాదు, వేడి: 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకి సీసం బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమైపోతుంది, జెల్ అయినా అంతే. లిథియం కూడా మరీ వేడెక్కితే చార్జింగ్ ఆపేస్తుంది. కాబట్టి లిథియం కొనండి, ఇంజిన్ పక్కనో, బండి కింద ఇనుప పెట్టెలోనో కాకుండా లోపల గాలి తగిలే చోట పెట్టించండి, మే నెలలో బండిని నీడలో ఆపండి.