జరీ పోగూ తీగే

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ధర్మవరం. మూడు తరాలుగా మగ్గమే మా బతుకు. మా అబ్బాయి ఇంజినీరింగులో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. ముందు ముందు బట్టే ఫోనులా పనిచేస్తుందంటాడు. మగ్గం మాటెత్తితే మాత్రం ముఖం తిప్పుకుంటాడు. కరెంటు పారే బట్ట ఒంటిమీద వేసుకుంటే షాక్ కొట్టదా? ఉతకడమెలా? మా పనికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే బీరువాలోంచి మా అమ్మ పెళ్ళి చీర తీశాను. ఎలక్ట్రీషియన్లు వాడే మల్టీమీటరు తెచ్చి, దాని రెండు మొనల్నీ ఒక జరీ బుటాకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఆనించాను. కుయ్‌మని మోగింది, అంటే అందులో కరెంటు పారుతుందన్నమాట. ఒక మొనను పక్క బుటా మీదికి జరిపాను. మధ్యలో ఉన్నది పట్టే కాబట్టి మోగలేదు. కిందటేడు నేను కొన్న చీర మీద కూడా పెట్టి చూశాను. ధగధగలాడుతోంది గానీ ఎక్కడా చప్పుడు లేదు, అది ప్లాస్టిక్ జరీ. అసలు జరీ అంటే పట్టు పోగుకి చుట్టిన సన్నని వెండి రేకు, పైన బంగారు పూత. అంటే మీ ఇంట్లో పెద్దలు తీగనే నేశారమ్మా.

ఇది నా ఊహ కాదు. 1990ల్లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్థ్ అనే ఇద్దరు బట్టలో సర్క్యూట్ పెట్టాలని చూసి, చివరికి పట్టుకున్నది మన దేశంలో నేసే ఆర్గంజా అనే పలచని పట్టుబట్టనే. పడుగంతా, అంటే నిలువు పోగులన్నీ, ఉత్త పట్టు. అడ్డంగా నేసే పేక మాత్రం రాగి రేకు చుట్టిన పట్టు. పేక పోగులు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉంటాయి కాబట్టి ఏ పోగుకా పోగు విడి వైరులా పనిచేసింది. పడుగెక్కడ, పేకెక్కడ, ఏ పోగు దేన్ని తాకకూడదు అన్నది మీకు చేతిలో ఉన్న విద్య. మీ అబ్బాయి పుస్తకాల్లో అది దొరకదు.

షాక్ భయం వద్దు. వీటిలో వాడే చిన్న బ్యాటరీ సుమారు 3.7 వోల్టులే ఇస్తుంది. జాగ్రత్త పడాల్సింది బ్యాటరీ వేడెక్కకుండా, తడవకుండా.

అసలు చిక్కంతా ఉతుకు దగ్గరే. గూగుల్, జీన్స్ కంపెనీ లీవైస్ కలిసి 2017లో చొక్కా మీద తొడుక్కునే జాకెట్టు ఒకటి అమ్మకానికి పెట్టాయి. ధర 350 డాలర్లు. ఎడమ చేతి మణికట్టు దగ్గర లోహపు పోగులు నేశారు, అక్కడ వేలితో నిమిరితే ఫోనులో పాట మారుతుంది. బ్యాటరీ ఉన్న ముక్కను ఊడదీసి ఉతకాలి, అదీ పది ఉతుకుల వరకే భరోసా. 2023లో దాని యాప్ ఆగిపోయింది, జాకెట్టు మామూలు జాకెట్టయింది. మా అమ్మ చీర ఇప్పటికీ మోగుతోంది! పోగు గట్టిదే. మెత్తటి పోగు గట్టి చిప్‌కి అతుక్కున్న చోట నలిగి, చెమట పట్టి, సబ్బు తగిలి తెగుతుంది. ఆ అతుకు నిలిచే దారి కనిపెట్టినవాళ్ళదే ఈ రంగం. పాటలు మార్చే జాకెట్లు నిలుస్తాయని నాకు నమ్మకం లేదు. గుండె లయ పట్టే బనీను మాత్రం నిలవాలి, నిలుస్తుంది.

నన్ను వేధించేది ఇంకొకటుంది. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో కేకేసేవాళ్ళు జరీని కాల్చి వెండి తీసేవారు. చిప్పు కుట్టిన బట్ట చిరిగితే ఎవరు కొంటారు? గుడ్డపీలికల్లోనూ వేయలేం, ఇనుప సామానులోనూ వేయలేం. బట్ట తయారుచేసే ముందే దీనికి దారి చూడాలి.

ఆ అమెరికా జాకెట్టు పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు జాకార్డ్. మీ మగ్గం మీద డిజైను కోసం పోగులెత్తే జాకార్డే. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మరీ జాకార్డ్ చేసినది. అట్టకు చిల్లుంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఈ చిల్లుల అట్టల్నే, కంప్యూటరు పితామహుడనిపించుకున్న చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి వాడాలనుకున్నాడు. ఈసారి సెలవులకొచ్చినప్పుడు మీవాణ్ణి మగ్గం దగ్గర కూర్చోబెట్టి, ఒక అట్ట చేతికిచ్చి చిల్లులు చదవమనండి. పక్కన ఓ మల్టీమీటరు, అసలు జరీ కండె ఒకటి ఉంచండి.